మొదటి నడకకే ఉదయగిరి దుర్గం ఎక్కొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నెల్లూరులో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు పదిహేను మంది, అందరిలోకి చిన్నవాడికి పన్నెండేళ్లు, పెద్దాయనకి అరవై ఆరు. కారు దిగి ఫొటోలు తీసుకుని మళ్లీ కారెక్కడం కాకుండా కొండల మధ్య పాత దారుల్లో ఒక పూట నిదానంగా నడవాలని మీ కోరిక. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం మన జిల్లాలోనే ఉన్న పాత కొండకోట, ఉదయగిరి దుర్గం అనుకున్నారు, సరైనదేనా అని అడిగారు.

కాదు. మొదటి నడకకి ఉదయగిరి వద్దు, ఫిబ్రవరి ఆఖరు అసలే వద్దు. జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే నెల్లూరు దగ్గరి నరసింహకొండకి వెళ్లి, తొమ్మిదిన్నర పది కల్లా కిందికి వచ్చేయండి. అక్కడ మీ పదిహేను మందిలో ఎవరెలా నడుస్తారో మీకే తెలిసిపోతుంది. అది చూసుకుని, ఫిబ్రవరి రెండోవారం లోపే ఉదయగిరి పెట్టుకోండి, అదీ కొస దాకా ఎక్కి తీరాలన్న పంతం లేకుండా.

నేను రెవెన్యూలో సర్వేయరుగా చేసి రిటైరయ్యాను. ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఉద్యోగరీత్యా తిరిగిన దారుల్లోనే ఇప్పుడు చలికాలంలో తెలిసినవాళ్లని నడిపిస్తుంటాను. కాబట్టి ఇది పుస్తకంలో చదివింది కాదు, కానీ నా మాటే వేదం అని కూడా అనను.

ముందు నెల సంగతి. రాష్ట్రంలో మిగతాచోట్ల కార్తీకమాసం అంటే వనభోజనాలు, కొండలు, కోనలు. మనకి అలా కుదరదు. నెల్లూరు, ఒంగోలు వైపు పెద్ద వానలు పడేది ఈశాన్య రుతుపవనాలకే, అక్టోబరు నుంచి డిసెంబరు సగం దాకా. తుపాన్లు కూడా అప్పుడే. బొగ్గేరు, బీరాపేరు లాంటి ఏర్లు పొద్దున మోకాలి లోతు ఉండి, పడమర కొండల్లో వాన పడితే మధ్యాహ్నానికి దాటలేనంత అవుతాయి. పాత రాతిమెట్ల మీద పాచి ఉంటుంది, గడ్డి నడుము దాకా పెరిగి కింద ఏముందో కనపడదు. డిసెంబరు సగం దాటాక గడ్డి వాలిపోతుంది, దారి బయటపడుతుంది, గాలి పొడిబారుతుంది. అక్కణ్ణుంచి ఫిబ్రవరి రెండోవారం దాకా మన సీజను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని ఊరికే అనలేదు.

ఫిబ్రవరి ఆఖరికి ఏమంత ఎండ అని మీకు అనిపించొచ్చు. ఊళ్లో అనిపించదు నిజమే. కానీ మన కొండలు అరకు లాంటివి కావు, నీడనిచ్చే చెట్టు తక్కువ, ఉన్నదంతా బలుసు, కలే, రేగు, తుమ్మ పొదలు, మిగతాది బండ. తొమ్మిది దాటాక ఆ బండ వేడెక్కుతుంది, పదిన్నరకి పైనుంచి ఎండ, కిందనుంచి సెగ. మన దగ్గర జనం అలసిపోయేది ఎత్తుకి కాదు, ఎండకి. ఇది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే మిగతా ఏర్పాట్లు వాటంతటవే సర్దుకుంటాయి. జనవరి మధ్యలో నెల్లూరులో సూర్యోదయం ఆరూ నలభై ప్రాంతంలో. అప్పటికి మీరు కొండ కింద చెప్పులు బిగించుకుంటూ ఉండాలి, ఇంటి దగ్గర కాఫీ తాగుతూ కాదు.

నరసింహకొండ ఎందుకంటే దగ్గర, చిన్న కొండ, తప్పిపోయే ప్రశ్నే లేదు. పైన వేదగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి, కింద పెన్న, ఏటికి అవతల జొన్నవాడ. మెట్లూ ఉన్నాయి, రోడ్డూ ఉంది. మీరు మెట్లు ఎక్కండి. ఎవరికైనా మోకాలు పట్టేస్తే రోడ్డు మీదకి కారు తెప్పించుకోవచ్చు, మొదటిసారి వెళ్లేవాళ్లకి ఈ భరోసా చాలా అవసరం. సంక్రాంతి తర్వాత పొద్దున పూట ఏటి మీద మంచు పట్టి ఉంటుంది, ఎండ పైకొచ్చేకొద్దీ ముందు అవతలి ఒడ్డు చెట్ల తలలు, ఆ తర్వాత ఇసుక, చివరికి నీటి పాయలు బయటపడతాయి. అది చూడాలంటే ఏడున్నరకల్లా పైన ఉండాలి. ఉత్సవాల రోజుల్లో మాత్రం పోవద్దు, భక్తులకీ ఇబ్బంది, మీకూ ఇబ్బంది.

మెట్లు పాత దారి ఎలా అవుతాయి అని అంటారేమో. దిగాక ఏటి గట్టు వైపు పొలాల మధ్య డొంకలు పట్టుకుని ఇంకో గంట తిరగండి, మీకు కావలసిన నడక అక్కడ దొరుకుతుంది. పొలాల్లో నాట్లు పడి ఉంటే గెనాల మీద వరసగా నడవండి, పక్కకి దిగొద్దు. రైతు కనిపిస్తే ముందు మీరే పలకరించండి. పదిహేను మంది టోపీలు పెట్టుకుని పొలంలోకి వస్తుంటే ఎవరికైనా భూమి కొలవడానికి వచ్చారేమోనని టెన్షన్ పుడుతుంది. ఆ అనుమానపు చూపులు నాకు ఉద్యోగమంతా అలవాటే.

ఇక ఉదయగిరి. కొండ కొస సముద్రమట్టానికి 3,079 అడుగులు. కింద ఊరి ఎత్తు తీసేసినా ఎక్కాల్సింది 2,000 అడుగుల పైమాటే. మెత్తని కొండ కాదది. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతి చేతిలోంచి దాన్ని తీసుకోవడానికి నెలల తరబడి ముట్టడి వేసి 1514లో గానీ గెలవలేకపోయాడు. ఇక్కణ్ణుంచి తీసుకెళ్లిన బాలకృష్ణుడి విగ్రహం కోసమే హంపిలో కృష్ణాలయం కట్టించాడు. మీవాళ్లకి ఈ కథ కొండెక్కే ముందు చెప్పకండి, మధ్యలో మొదటి ద్వారం దగ్గర కూర్చోబెట్టి చెప్పండి, ఎందుకు అన్ని నెలలు పట్టిందో ఆయాసపడుతూ వింటే బాగా అర్థమవుతుంది. పైన గుళ్లు, గోడలు, చిన్న మసీదు, పెద్ద మసీదు, కోనేర్లు చాలా దూరం పరుచుకుని ఉన్నాయి. అన్నీ ఒక్కరోజులో చూసేద్దామని పోతే ఏదీ సరిగా చూడరు.

టైం లెక్క ఎలా వేయాలో చెప్తాను. విలియం నైస్మిత్ అని స్కాట్లాండ్ ఆయన 1892లో ఒక లెక్క చెప్పాడు: 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. అలవాటున్నవాడు చల్లటి దేశంలో, ఆగకుండా నడిస్తే సరిపోయే లెక్క అది. 6 కిలోమీటర్లు, 300 మీటర్ల ఎక్కుడు అయితే ఆయన లెక్కన గంటా నలభై నిమిషాలు. మీ పదిహేను మందికి నేనైతే దాన్ని రెట్టింపు చేసి మూడున్నర గంటలు రాసుకుంటాను. నీళ్లకి ఆగుతారు, ఫొటోకి ఆగుతారు, ఒకరి బూటు ఊడుతుంది, ఇంకొకరు పొదల చాటుకి పోయి వస్తారు. ఉదయగిరికి ఈ లెక్కే వేస్తే పైదాకా పోయి రావడానికి పూట చాలదని మీకే తెలుస్తుంది. అందుకే ఎక్కడిదాకా అని పెట్టుకోవద్దు, ఎన్నింటిదాకా అని పెట్టుకోండి. తొమ్మిదిన్నర అనుకుంటే తొమ్మిదిన్నరకి ఎక్కడుంటే అక్కడ తిరగాలి, ఎదురుగా వంద అడుగుల్లో గోపురం కనిపిస్తున్నా సరే. ఇది కింద ఉన్నప్పుడే అందరిచేతా ఒప్పించాలి, పైన మాట్లాడితే ఎవరూ వినరు.

బూటు ఊడుతుందన్నాను కదా, నవ్వులాట కాదు. ఏళ్ల తరబడి బీరువా కింద పడున్న స్పోర్ట్స్ షూలు తీసుకొస్తారు. చూడటానికి కొత్తవి. లోపల జిగురు ఎండిపోయి ఉంటుంది, మెట్ల మీద పది నిమిషాలు నడిస్తే మడమ దగ్గర అడుగు పెదవి విచ్చినట్టు తెరుచుకుంటుంది, ఇంకాసేపటికి మొత్తం ఊడి చేతికొస్తుంది. బ్యాంకులో పనిచేసే ఒకావిడకి అలా అయితే చున్నీ అంచు చింపి కట్టి దించాం. అప్పట్నుంచీ నా సంచీలో పురికొస ఉండ ఒకటి తప్పకుండా ఉంటుంది. బూట్లే కావాలని లేదు, వెనక పట్టీ ఉన్న గట్టి శాండల్స్ చాలు, కానీ ముందురోజు కాలనీలో అరగంట నడిచి చూసుకోమనండి. అడుగు పల్చగా ఉంటే మాత్రం సర్కారు తుమ్మ ముల్లు నేరుగా దిగుతుంది. పల్లేరు కాయలు సరే, పీకేసి నడుస్తాం. ఈ ముల్లు విరిగి లోపల ఉండిపోతే నాలుగు రోజులు కాలు కింద పెట్టలేరు.

దారి ఎలా కనుక్కోవాలి అన్నది మీ రెండో ప్రశ్న. ఫోన్‌లో మ్యాప్ ఒకటే నమ్ముకుంటే చాలదు. మన పాత దారులు చాలావాటిని అది ఎరగదు, ఎరిగినవి ఇప్పుడు తుమ్మ పొదల్లో ఉన్నాయి. గ్రామ నక్షాలో, అంటే రెవెన్యూవాళ్ల ఊరి పటంలో, డొంకలు, బాటలు గీసి ఉంటాయి, వీఆర్వో దగ్గరో సర్వేయరు దగ్గరో అడిగితే చూడనిస్తారు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 పటాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటిలో 20 మీటర్లకో ఎత్తు గీత ఉంటుంది. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు ఎక్కుడు, ఎడంగా ఉంటే వాలు. మీలాంటి గుంపుకి ఆ ఎడం గీతల మధ్య పోయే బాటే కావాలి.

పటం ఎంత చూసినా ఆఖరి మాట మాత్రం మేకలకాపరిదే. అయితే అడిగే తీరు ఒకటుంది. "ఎంత దూరం పెద్దాయనా?" అంటే "ఇంతలోనే" అంటాడు, ఆ ఇంత రెండు గంటలు పడుతుంది. "పొద్దున్నే మేకల్ని తోలుకుని బయల్దేరితే నువ్వు ఎప్పటికి చేరతావ్?" అని అడగండి, కచ్చితంగా చెప్తాడు. "ఈ దారిన నువ్వు ఆఖరుసారి ఎప్పుడు పోయావు?" అని కూడా అడగండి. నిరుడు అంటే ఆ దారి ఇప్పుడు ఉండకపోవచ్చు, రెండు వానాకాలాలు మనుషులు తిరగకపోతే తుమ్మ మూసేస్తుంది. దారి నిజంగా పాతదే అనడానికి గుర్తులుంటాయి. బండల మధ్యభాగం అరిగి నున్నగా ఉంటుంది, దూరానికో చింతచెట్టు, పక్కన దిగుడుబావి, తలమీది బరువు ఎవరి సాయం లేకుండా దించుకోవడానికి నిలబెట్టిన రాళ్లు. ఇవి వరసగా తగులుతుంటే మీరు సరైన బాట మీదే ఉన్నారు. మేకల దారి అయితే ఎటుపడితే అటు చీలుతుంది, కొమ్మలు నడుము ఎత్తులో మేసి ఉంటాయి, తల ఎత్తులో ముళ్లు మొహానికి తగులుతుంటాయి.

గుంపుని నడిపించడం విడిగా చెప్పాలి, గొడవలన్నీ అక్కడే వస్తాయి. కుర్రాళ్లు ముందు పోతారు, పెద్దవాళ్లు వెనకబడతారు, మధ్యలో ఉన్నవాళ్లకి ముందువాళ్లూ కనపడరు, వెనకవాళ్లూ కనపడరు. ఒకసారి ఉదయగిరిలోనే ముగ్గురు కుర్రాళ్లు చీలిక దగ్గర మేకల దారి పట్టి పోయారు, కొండ మలుపు తిరిగితే ఫోన్ సిగ్నల్ లేదు, వాళ్ల కోసం మేం ఎండలో కూర్చున్నాం, వాళ్లేమో పైన గోడ నీడలో మాకోసం కూర్చున్నారు. తర్వాతి నడక నుంచి ఒకటే నియమం: చీలిక దగ్గర ముందున్నవాడు ఆగాలి, ఆఖరివాడు వచ్చి కనపడేదాకా కదలకూడదు. అన్నిటికంటే వెనక నడవడానికి ఒక అనుభవమున్న మనిషిని పెట్టండి, అతని వెనక ఇంక ఎవరూ ఉండకూడదు. ముందు ఎవర్ని పెట్టాలంటే, నిదానంగా నడిచేవాళ్లని. మీ అరవై ఆరేళ్ల పెద్దాయన్నే ముందు పెట్టండి. ఆయనకి గౌరవం, గుంపుకి సరైన వేగం. వెనక పెడితే ఆయన వచ్చేసరికి అందరూ విశ్రాంతి తీసుకుని లేస్తారు, పాపం ఆయనకి మాత్రం ఆగే వ్యవధే దొరకదు. నేను చూసినంతలో పెద్దవాళ్లు అలసిపోయేది ఎక్కువగా ఇందువల్లే.

పన్నెండేళ్లవాడికి పని ఇవ్వండి. ప్రతి ఆగుడు దగ్గరా తలలు లెక్కపెట్టే పని వాడిది.

నీళ్లు మనిషికి మూడు లీటర్లు, ఎవరివి వాళ్లే మోయాలి, పిల్లలవి తప్ప. పైన కోనేరు ఉంది కదా అనొద్దు, ఆ నీళ్లు తాగేవి కావు. మజ్జిగలో ఉప్పు కాస్త ఎక్కువ వేసి తెచ్చుకోండి, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు పడేయండి. తిండికి పులిహోర, వేరుశనగ చిక్కీలు చాలు. బిర్యానీ పొట్లాలు కిందికి దిగాక. పెరుగన్నం పదింటి దాకా బాగుంటుంది, ఆ తర్వాత పులుస్తుంది.

ఆడవాళ్ల విషయం మగవాళ్లు ప్లాన్ చేసే నడకల్లో ఎవరూ అడగరు, అందుకని ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానేస్తారు, ఎండకి కళ్లు తిరిగేది అందుకే. దారిలో మంచి బాత్రూమ్ ఉన్న పెట్రోల్ బంకు దగ్గర తప్పనిసరిగా ఆపండి, పైన ఎక్కడ చాటు ఉందో ముందే చూసుకోండి, ఇద్దరు ఆడవాళ్లకి ఆ బాధ్యత అప్పగించండి. సిగ్గుపడే విషయమేమీ కాదు.

అడవి శాఖ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మన పడమటి కొండలు, అంటే వెలిగొండలు, ఎర్రచందనం ఉన్న ప్రాంతం. తెల్లవారుజామున సంచులు తగిలించుకుని పదిహేను మంది అడవిలోకి పోతుంటే సిబ్బంది ఆపుతారు, ఆపాలి కూడా. దుర్గం దారి అయినా ముందుగా రేంజి ఆఫీసులో ఒక మాట చెప్పండి, పేర్లు రాసివ్వండి. పెంచలకోన వైపు గుడి, జలపాతం దాటి లోపలికి పోయే ఆలోచన ఉంటే మానుకోండి, అదంతా పెనుశిల నరసింహ అభయారణ్యం, అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఎలుగుబంట్లు ఉన్న కొండలవి, అందుకే చీకటి ఉండగానే ఎక్కడం మొదలుపెట్టొద్దు, పొద్దుగూకేదాకా పైన ఉండొద్దు. చిన్న పుల్ల కూడా బయటికి తేవద్దు. ఉదయగిరి చెక్క గరిటెలు, స్పూన్లు కావాలంటే కింద ఊళ్లో చేసేవాళ్ల దగ్గరే కొనుక్కోండి, నర్ది, బిక్కి చెక్కతో చేస్తారు, మీ డబ్బు వాళ్లకే అందుతుంది.

తేనెటీగలు పాముకంటే ఎక్కువ భయపెడతాయి నన్ను. దుర్గం గోడలకి, బండ చరియలకి పెద్ద పట్టులు వేలాడుతుంటాయి. సెంటు కొట్టుకుని రావొద్దు, కేకలు, పాటలు, పొగ వద్దు. లేచాయంటే చేతులు ఊపకుండా మొహం కప్పుకుని గబగబా దూరంగా పోవాలి. పాము విషయానికొస్తే, బండ మీద కూర్చునే ముందు, చెయ్యి ఆనించే ముందు చూసుకోవడమే సగం జాగ్రత్త. కరిస్తే కొయ్యడం, పీల్చడం, బిగించి కట్టడం ఏవీ చేయొద్దు, కాలు కదలకుండా పెట్టి మోసుకు దించి 108కి ఫోన్ చేయాలి. దగ్గర్లో ఏ ఆసుపత్రిలో పాముకాటు మందు ఉందో ముందురోజే కనుక్కోండి.

ఇంకొన్ని చోట్ల పేర్లు కూడా అడిగారు. భైరవకోన, పాత ప్రకాశం జిల్లాలో చంద్రశేఖరపురం దగ్గర, చాలా బాగుంటుంది, కొండ రాతిలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కన జలపాతం. కానీ అది చూసే చోటు, నడిచే చోటు కాదు. కార్తీక పౌర్ణమికి అయితే నిలబడటానికే ఖాళీ ఉండదు. మాలకొండ నరసింహస్వామి గుడి శనివారం మాత్రమే తెరుస్తారు, కాబట్టి దర్శనం కావాలంటే శనివారం, జనం వద్దంటే ఇంకో రోజు, రెండూ ఒకేసారి కుదరవు.

మీకు నేను గట్టిగా చెప్పేది చందవరం. దొనకొండ వైపు, గుండ్లకమ్మ ఒడ్డున చిన్న గుట్ట మీద బౌద్ధ స్తూపం. నెల్లూరు నుంచి దూరమే, ప్రయాణమే ఎక్కువ. అయితే ఎక్కుడు తక్కువ, మీ పెద్దాయన కూడా హాయిగా ఎక్కుతారు, చుట్టూ పొలాల్లో, ఏటి వెంబడి ఎంతసేపైనా నడవొచ్చు. ఇక్కణ్ణుంచి దొంగలెత్తుకుపోయిన శిల్పం ఒకటి ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది, 2016లో వాళ్లు మన దేశానికి తిరిగిచ్చారు. పిల్లలకి ఆ సంగతి చెప్తే ప్రతి రాయినీ వేరేగా చూస్తారు, రాళ్లు జేబులో వేసుకోవడం కూడా మానేస్తారు. ఒంగోలులో చుట్టాలుంటే ముందురాత్రి అక్కడ పడుకుని పొద్దున్నే బయల్దేరండి.

దిగేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఎక్కేటప్పుడు గుండె ఆయాసపడుతుంది, దిగేటప్పుడు మోకాళ్లు పోతాయి. అందరికీ ఒక్కో కర్ర, వెదురుదైనా వేపదైనా, కింద ఊళ్లోనే సంపాదించండి. అడుగులు చిన్నవి వేయాలి, మెట్టు మీద పక్కకి తిరిగి దిగాలి, కబుర్లు తగ్గించాలి.

పదిహేను మందిలో షుగరు, బీపీ మాత్రలు వాడేవాళ్లు ఎవరు, గుండెకి స్టెంటు పడినవాళ్లు ఎవరైనా ఉన్నారా, మోకాళ్ల నొప్పులు ఎవరికి అన్నది మీరు రాయలేదు. డాక్టరు ఒప్పుకోనివాళ్లని నరసింహకొండకి కారులో పైకి రమ్మనండి, మెట్లు వద్దు. మిగతా వివరాలు రాస్తే ఉదయగిరికి ఎక్కడ తిరగాలో, ఎన్ని చోట్ల ఆగాలో మీ గుంపుకి తగ్గట్టు చెప్తాను.